యుద్ధవిద్యలు నేర్పే గురువు: జీవనం, నిజాయితీ

పాఠ పరిచయం

సాయంకాలం వేళ పాఠశాల ఆవరణలోనో, ఫంక్షన్ హాలు మేడమీదనో తెల్లని దుస్తులు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి గుద్దులూ తన్నులూ సాధన చేయడం మీరు చూసే ఉంటారు. గేటు పక్కన ఒక బోర్డు ఉంటుంది. కరాటే, తైక్వాండో, జూడో, కర్రసాము – ఏదో ఒక పేరు, దాని కింద ఫోన్ నంబరు, ఫీజు వివరం. కొన్ని బోర్డుల మీద ఇంకొక మాట కూడా కనిపిస్తుంది: 'ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ'.

ఆ చివరి మాటను గురించి ఆలోచించడానికే ఈ పాఠం. ఇది అభిప్రాయ వ్యాసం. అభిప్రాయ వ్యాసంలో రచయిత ఒక పక్షాన నిలబడి, అందుకు కారణాలు చూపుతాడు. ఎదుటి పక్షం చెప్పగల మాటలనూ లెక్కలోకి తీసుకుంటాడు. చదివేవారు అన్నీ ఒప్పుకోవాలని నియమం లేదు. కారణాలు సరిగా ఉన్నాయా లేవా అని తూచి చూడడమే మీ పని.

ఈ పాఠం చదివిన తరువాత మీరు –

• యుద్ధవిద్యలు నేర్పేవారికి జీవనం ఎలా గడిచేదో, ఇప్పుడు ఎలా గడుస్తున్నదో చెప్పగలుగుతారు.
• రుసుము తీసుకోవడానికీ, అర్హతను అమ్మడానికీ తేడా వివరించగలుగుతారు.
• ఒక శిక్షణ కేంద్రంలో చేరే ముందు, పిల్లలను చేర్పించే ముందు ఏమేమి చూడాలో నిర్ణయించుకోగలుగుతారు.

1. పూర్వం గురువులు డబ్బు తీసుకోలేదా?

'పూర్వకాలంలో గురువులు విద్యను అమ్ముకోలేదు, ఇప్పుడే అంతా వ్యాపారమైపోయింది' అనే మాట తరచు వింటాం. వినడానికి బాగానే ఉంటుంది కాని ఇది పూర్తిగా నిజం కాదు.

మహాభారతంలోని ద్రోణుణ్ణి తీసుకోండి. విలువిద్యలో అతనికి సాటి లేదు. కాని ఇంట్లో పాలు లేవు. కొడుకు అశ్వత్థామ పిండి కలిపిన నీళ్లు తాగి, పాలు తాగానని మురిసిపోయాడు. ఆ దరిద్రం భరించలేకే ద్రోణుడు పాత స్నేహితుడైన ద్రుపదుడి దగ్గరికి వెళ్లాడు, అవమానపడి తిరిగి వచ్చాడు. చివరకు హస్తినాపురంలో భీష్ముడు అతన్ని రాజకుమారులకు గురువుగా నియమించాడు. మన ఇతిహాసాల్లో అందరికంటె పేరు పొందిన ఆయుధవిద్యా గురువు ఒక విధంగా చెప్పాలంటే కొలువు చేసుకొని బతికినవాడే.

దగ్గరి కాలానికి వద్దాం. గిచిన్ ఫునకోషి (1868–1957) జపాన్‌లోని ఒకినావా దీవిలో బడిపంతులు. కరాటేను జపాన్ ప్రధాన భూభాగానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు. 1922లో ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. కరాటే మీద వచ్చే ఆదాయం బతకడానికి చాలలేదు. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో తలదాచుకొని, అక్కడే కాపలా కాస్తూ, గదులూ ఆవరణా ఊడుస్తూ రోజులు గడిపాడు. పగలు చీపురు పట్టిన చేతులతోనే శిష్యులకు విద్య నేర్పాడు.

ఢిల్లీలో గురు హనుమాన్ (1901–1999) పేరుతో ప్రసిద్ధుడైన కుస్తీ గురువు 1925లో అఖాడా మొదలుపెట్టాడు. 1982 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన సత్పాల్ వంటి మల్లులు ఆ గోదాలో తయారైనవారే. ప్రభుత్వం ఆయనకు 1983లో పద్మశ్రీ, 1987లో ద్రోణాచార్య పురస్కారం ఇచ్చింది. ఆ అఖాడా బిర్లా కుటుంబం అండతో నడిచింది. దాని పేరే బిర్లా వ్యాయామశాల.

కేరళలో కళరిపయట్టు నేర్పే గురుక్కళ్లలో చాలామంది బెణుకులకు, నడుము నొప్పులకు, కండరాల బాధలకు తైలంతో మర్దన చేసి వైద్యం చేస్తారు. కొందరికి ఆ వైద్యమే జీవనాధారం. కోళిక్కోడ్ జిల్లా వడకరలోని మీనాక్షి అమ్మ 2017లో పద్మశ్రీ పొందారు. కుల భేదం, స్త్రీ పురుష భేదం లేకుండా అందరికీ విద్య నేర్పిన ఆమె కళరిలో నిర్ణీత రుసుము లేదు. శిష్యులు తమకు తోచినంత గురుదక్షిణ సమర్పిస్తారు.

ఈ నాలుగు ఉదాహరణల్లోనూ ఒక విషయం గమనించండి. విద్య ఎక్కడా ఖర్చు లేకుండా సాగలేదు. ఒకచోట రాజు భరించాడు. ఒకచోట పారిశ్రామిక కుటుంబం భరించింది. ఒకచోట గురువు ఇంకొక పని చేసి తానే భరించాడు. ఒకచోట శిష్యులు శక్తికొద్దీ భరించారు. కూటి కోసం కోటి విద్యలు అన్నారు. గురువుకూ ఆకలి ఉంటుంది, ఇల్లు ఉంటుంది, పిల్లలు ఉంటారు. అందుచేత 'గురువు డబ్బు తీసుకున్నాడా?' అని అడిగితే మనకు పెద్దగా తెలిసేది ఏమీ లేదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. దాన్ని తరువాతి భాగంలో చూద్దాం.

ఆలోచించండి: మీ ఊళ్లో పూర్వం కర్రసాము, కత్తిసాము, కుస్తీ నేర్పిన వస్తాదులు ఎలా బతికేవారు? పెద్దవారిని అడిగి నాలుగు వాక్యాలు రాయండి.

2. డబ్బు లేనిచోట కూడా అన్యాయం జరగవచ్చు

ద్రోణుడి కథలోనే ఇంకొక భాగం మీకు తెలుసు. నిషాదరాజు కొడుకు ఏకలవ్యుడు విద్య అడిగితే ద్రోణుడు నేర్పలేదు. ఏకలవ్యుడు మట్టితో గురువు బొమ్మ చేసుకొని తనంతట తానే సాధన చేశాడు, అర్జునుణ్ణి మించిపోయాడు. అప్పుడు ద్రోణుడు గురుదక్షిణగా అతని కుడిచేతి బొటనవేలు అడిగాడు. ఎందుకు? అర్జునుణ్ణి మించిన విలుకాడు ఉండడని ముందే మాట ఇచ్చి ఉన్నాడు కనుక.

ఇక్కడ ద్రోణుడు ఏకలవ్యుడి నుంచి ఒక్క కాసు అడగలేదు. అయినా జరిగినది ఘోరమైన అన్యాయం. కారణం ఏమిటి? ఎవరు గొప్ప విలుకాడు అనే విషయంలో గురువు ఇవ్వవలసిన తీర్పు, ఆశ్రయం ఇచ్చిన ఇంటివారికి అనుకూలంగా ముందే అమ్ముడుపోయింది. విద్య చూసి తీర్పు చెప్పవలసినవాడు, ఎవరి అన్నం తింటున్నానో చూసి చెప్పాడు.

మనం అడగవలసిన ప్రశ్న ఇదే: గురువు జీవనం అతని తీర్పును మార్చిందా? శిష్యుడు సిద్ధమయ్యాడా లేదా, ఈ దెబ్బ సరిగా వచ్చిందా లేదా, ఈ పిల్లవాడు పోటీకి దిగవచ్చా లేదా – ఇవన్నీ గురువు చెప్పే తీర్పులు. ఆ తీర్పు నిలబడితే రుసుము ఎంతైనా గురువు గురువే. తీర్పు అమ్ముడైతే ఉచితంగా నేర్పినా వ్యాపారే.

రుసుము పద్ధతికి ఒక మేలు కూడా ఉంది, దాన్ని మరచిపోకూడదు. పూర్వం చాలాచోట్ల యుద్ధవిద్యలు కులాన్ని బట్టి, కుటుంబాన్ని బట్టి అందేవి. ఆడపిల్లలకు చాలా తక్కువగా అందేవి. ఇవాళ నెల ఫీజు కట్టగలిగితే ఏ ఇంటి అమ్మాయి అయినా కరాటే తరగతిలో నిలబడవచ్చు. ఏ కులం అని అడిగే హక్కు నేర్పేవాడికి లేదు. ఈ తలుపు తెరిచినది కొంతవరకు డబ్బే. అందువల్ల పాత పద్ధతికి తిరిగి పోదామని నేను అనడం లేదు.

3. పట్టీ ఎందుకు పుట్టింది?

నడుముకు కట్టే రంగుల పట్టీలు అనాదిగా ఉన్నాయని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. వాటి చరిత్ర దాదాపు నూట నలభై ఏళ్లది మాత్రమే.

జపాన్‌లో జిగోరో కానో (1860–1938) 1882లో టోక్యోలోని ఐషోజి అనే ఆలయంలో చిన్న గది తీసుకొని జూడో నేర్పడం మొదలుపెట్టాడు. ఆ గదిలో పరచినవి 12 చాపలు. దానికి కొడోకాన్ అని పేరు పెట్టాడు. తొలి సంవత్సరాల్లో శిష్యుల దగ్గర రుసుము తీసుకోలేదు. అనువాదాలు చేసి సంపాదించిన డబ్బుతో ఖర్చులు గడిపాడు. ఆయన వృత్తిరీత్యా విద్యావేత్త. ఉపాధ్యాయులను తయారుచేసే టోక్యో ఉన్నత శిక్షణ కళాశాలకు చాలాకాలం అధిపతిగా ఉన్నాడు.

శిష్యుడు ఎంతవరకు వచ్చాడో అతనికీ, పక్కవారికీ తెలియాలని కానో 'దాన్' అనే స్థాయిలను ఏర్పరిచాడు. 1883లో మొదటిసారిగా ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ ఇచ్చాడు. ఆ దశకంలోనే నల్ల పట్టీ వచ్చింది. పసుపు, ఆకుపచ్చ, నీలం వంటి రంగులు చాలా తరువాత, 1930లలో ఐరోపాలో జూడో వ్యాపించినప్పుడు వాడుకలోకి వచ్చాయి. కొత్తగా చేరినవారు విసుగు చెందకుండా, మధ్యలో మానేయకుండా ఉండడానికి అవి ఉపయోగపడ్డాయి. కరాటే కూడా పట్టీల పద్ధతిని జూడో నుంచి తీసుకున్నదే.

పట్టీ అంటే ఉపాధ్యాయుడు చేసిన ఒక బోధనోపకరణం. మీ పాఠాల్లో 'ఇంతవరకు ఏమి నేర్చుకున్నారు?' అనే ప్రశ్నలు ఉంటాయి కదా, అటువంటిదే. రోడ్డు పక్కన మైలురాయి ఎంత దూరం నడిచామో చెబుతుంది. మైలురాయిని పీకి ఇంటికి తెచ్చుకున్నంతమాత్రాన ప్రయాణం చేసినట్లు కాదు.

ఫునకోషి తన శిష్యదశను గురించి చెప్పిన ఒక విషయం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కరాటేలో దెబ్బలు, కాపులు, అడుగులు ఒక క్రమంలో కూర్చిన సాధనను 'కాతా' అంటారు. ఒకే కుటుంబానికి చెందిన మూడు కాతాలు నేర్చుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. గురువు చాలు అనేదాకా మరొకటి లేదు. మనకు ఇవాళ పదేళ్లు కుదరకపోవచ్చు. కాని 'గురువు చాలు అనేదాకా' అనే నియమం లేకుండా ఏ విద్యా రాదు.

4. తీర్పుకు వెల ఎలా వస్తుంది?

తీర్పు అమ్ముకునే గురువులందరూ మోసగాళ్లు అనుకోవద్దు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించుకున్న లెక్క మాత్రమే.

ఒక కేంద్రంలో 60 మంది పిల్లలు ఉన్నారనుకోండి. నెలకు 500 రూపాయల చొప్పున 30,000 వస్తుంది. హాలు అద్దె, కరెంటు, చాపలు కలిపి 12,000 పోతుంది. గురువుకు మిగిలేది 18,000. పట్టీ పరీక్ష వచ్చింది. నిజాయితీగా చూస్తే 20 మంది ఇంకా సిద్ధం కాలేదు. గురువు వారిని ఆపాడు. తల్లిదండ్రులకు కోపం వచ్చింది. 'పక్కవీధి కేంద్రంలో అందరికీ ఇస్తున్నారు' అని 10 మందిని మాన్పించారు. గురువు ఆదాయం ఒక్క నెలలో 18,000 నుంచి 13,000కు దిగింది. ఖర్చులు మాత్రం తగ్గలేదు.

ఇటువంటి నెలలు రెండు వస్తే ఏ గురువు అయినా ఆలోచనలో పడతాడు. మూడో పరీక్షలో 'ఈసారికి పోనీలే' అంటాడు. నాలుగో పరీక్షకు అది అలవాటవుతుంది. తరువాత పరీక్ష ఫీజు, పట్టీ ఫీజు, సర్టిఫికెట్ ఫీజు, సంఘ సభ్యత్వం, పోటీ ప్రవేశ రుసుము అని ఒక్కొక్కటే చేరతాయి. విద్య మీద వచ్చే ఆదాయం కంటె కాగితాల మీద వచ్చే ఆదాయం పెరుగుతుంది. అక్కడినుంచి 'గ్యారంటీ' బోర్డుకు దూరం ఎంతో లేదు. అరచేతిలో వైకుంఠం చూపించడం మొదలవుతుంది.

దీన్ని ఆపేవారు ఎవరు? మన దేశంలో వైద్యం చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. న్యాయవాదికీ అంతే. కాని కరాటే మాస్టారు అని బోర్డు పెట్టుకోవడానికి అటువంటి నిర్బంధం లేదు. 1961లో ఏర్పడిన పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ జూడో, కుస్తీ, బాక్సింగ్ వంటి వాటిలో శిక్షకులను తయారుచేస్తున్నది. ఆ చదువు ఉన్నవారు ఉన్నారు. లేనివారూ ఉన్నారు. బోర్డు చూస్తే ఇద్దరూ ఒకటే.

కొన్ని పెద్ద సంస్థలు తమ పరిధిలో కట్టుదిట్టం చేసుకున్నాయి. తైక్వాండో స్థాయిలకు దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని కుక్కివొన్ ప్రధాన కేంద్రం. అక్కడి నియమాల ప్రకారం మొదటి దాన్‌కూ రెండో దాన్‌కూ మధ్య కనీసం ఏడాది, రెండో దాన్‌కూ మూడో దాన్‌కూ మధ్య కనీసం రెండేళ్లు గడవాలి. 15 ఏళ్లు నిండని పిల్లలకు దాన్ బదులు 'పూమ్' అనే వేరే స్థాయి ఇస్తారు. పిల్లవాడి అర్హత పిల్లవాడి అర్హతే అని స్పష్టంగా చెప్పడం అది. కాలం గడవందే స్థాయి లేదు, వయసును మించిన గౌరవం లేదు అనే ఈ రెండు నియమాలు డబ్బుకు లొంగనివిగా ఉండడమే వాటి విలువ.

ఆలోచించండి: పై లెక్కలోని గురువు స్థానంలో మీరు ఉంటే ఆ 20 మంది పిల్లల విషయంలో ఏం చేస్తారు? తల్లిదండ్రులకు ఏమని చెబుతారు?

5. నష్టపోయేది ఎవరు?

సంగీతంలోనో, కుట్టుపనిలోనో రాని విద్యకు సర్టిఫికెట్ ఇస్తే పాట చెడుతుంది, జాకెట్టు చెడుతుంది. యుద్ధవిద్యలో అలా కాదు. ఇక్కడ విద్యార్థి తన శరీరాన్నే పందెం పెడుతున్నాడు.

మొదటి నష్టం దొంగ ధైర్యం. నల్ల పట్టీ ఉన్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. తరగతిలో ఆమె ఎవరినీ నిజంగా విడిపించుకోలేదు. ఎదురుగా నిలబడినవాడు ప్రతిసారీ సహకరించాడు. పట్టీ చూసి ఇంట్లోవాళ్లు నమ్మారు, ఆమె నమ్మింది. చీకటి వీధిలో పరుగెత్తి తప్పించుకోవలసిన సమయంలో ఆమె నిలబడి తలపడింది. ఏమీ నేర్వని అమ్మాయి అయితే భయపడి పరుగెత్తేది, కేకలు వేసేది. అబద్ధపు పట్టీ ఆ భయాన్ని కూడా తీసివేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు.

ఆడపిల్లల ఆత్మరక్షణ కోసం ప్రభుత్వ పాఠశాలల్లో సమగ్ర శిక్షా కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల శిక్షణ ఏర్పాటు చేశారు. ఇది మంచి ఏర్పాటే. అయితే మూడు నెలల్లో ఏమి వస్తుందో నేర్పేవారు నిజం చెప్పాలి. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం, దూరం పాటించడం, గట్టిగా అరవడం, పట్టు విడిపించుకొని పరుగెత్తడం – వీటికి పునాది పడుతుంది. బలవంతుడైన మగవాణ్ణి కొట్టి పడేసే శక్తి మూడు నెలల్లో రాదు. వస్తుందని చెప్పిన మాస్టారు ఆ పిల్లకు మేలు చేయలేదు, కీడు చేశాడు.

రెండో నష్టం దెబ్బలు. జూడోలో మొట్టమొదట నేర్పేది ఎదుటివాణ్ణి పడగొట్టడం కాదు, తాను సరిగా పడటం. తల నేలకు తగలకుండా, చెయ్యి విరగకుండా పడటం వారాల తరబడి సాధన చేయాలి. చూసేవారికి అది విసుగు. 'ఇంతకాలమైంది, మావాడు ఇంకా దొర్లుతూనే ఉన్నాడేమిటి?' అంటారు. ఆ మాటకు జంకి గురువు పై పాఠాలకు దూకితే మెడ, మోచేయి, మోకాలు దెబ్బతింటాయి. కళరిలో కాళ్లు ఊపే సాధన, కర్రసాములో అడుగులు వేసే సాధన కూడా ఇలాంటివే. పునాది ఎప్పుడూ అందంగా కనిపించదు.

మూడోది, చట్టం తెలియకపోవడం. ఆత్మరక్షణ హక్కు మనకు ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీన్ని గురించినవే. కాని రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేసే హక్కు లేదు. పడిపోయినవాణ్ణి తన్నితే అది ఆత్మరక్షణ అనిపించుకోదు. దెబ్బ నేర్పి, దాని హద్దు నేర్పని గురువు సగం పాఠమే చెప్పినట్లు.

నాలుగోది అన్నిటికంటె సున్నితమైనది. ఈ విద్యలో ఒంటిమీద చెయ్యి వేయకుండా నేర్పడం కుదరదు. గురువు మాటకు ఎదురు చెప్పకూడదని పిల్లలకు అలవాటు చేస్తాం. ఈ రెండూ కలిసినచోట చెడ్డవాడికి అవకాశం దొరుకుతుంది. 18 ఏళ్లలోపు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. అటువంటి నేరం జరిగినట్లు తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలని ఆ చట్టం చెబుతుంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. పేరు పోతుందని, పిల్లలు మానేస్తారని ఫిర్యాదును దాచిపెట్టిన కేంద్రం తన తీర్పును అందరికంటె నీచంగా అమ్ముకున్నట్లు లెక్క.

ఇక చివరి నష్టం మంచి గురువుకు. పక్కవీధిలో ఏడాదికి నల్ల పట్టీ ఇస్తుంటే, నాలుగేళ్లు ఆగమనే గురువు దగ్గరికి ఎవరు వస్తారు? దొంగ నాణెం చెలామణీ అయినప్పుడు మంచి నాణెం కనబడకుండా పోతుంది.

6. సంపాదించవచ్చు, మోసం లేకుండా

మీలో కొందరు ఈ విద్యలు నేర్చి, వాటితోనే బతకాలని అనుకుంటూ ఉండవచ్చు. వారికి నేను చెప్పేది ఒకటే. సంపాదించండి, సిగ్గుపడవద్దు.

మన కోడి రామమూర్తి నాయుడు చరిత్ర చూడండి. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత సర్కస్ కంపెనీ పెట్టాడు. టిక్కెట్టు కొని వచ్చిన జనం ముందు ఊపిరి బిగించి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును తెంచేవాడు. రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. అది వ్యాపారమే. డబ్బు తీసుకున్నాడు. కాని గొలుసు నిజమైన గొలుసు, ఏనుగు నిజమైన ఏనుగు. 1942లో ఆయన కన్నుమూశాడు. ఇవాళ్టికీ ఉత్తరాంధ్రలో బలానికి మారుపేరుగా ఆయన పేరే చెబుతారు. ఉన్న విద్యను చూపించి డబ్బు తీసుకోవడానికీ, లేని విద్యకు కాగితం ఇచ్చి డబ్బు తీసుకోవడానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

నేర్పేవారు పాటించదగిన నియమాలు నా దృష్టిలో నాలుగు.

ఒకటి: నెల ఫీజు మీద బతకండి, పట్టీ మీద కాదు. పరీక్ష ఫీజు అసలు ఖర్చుకు మించకుండా ఉంటే, పట్టీ ఇవ్వాలనే తొందర మీకే తగ్గుతుంది.

రెండు: చేరిన రోజే 'పట్టీకి గడువు చెప్పను' అని చెప్పండి. వీలైతే కాగితం మీద రాసి ఇవ్వండి. ముందే తెలిస్తే తరువాత కోపాలు ఉండవు.

మూడు: పరీక్షకు బయటినుంచి ఇంకొక గురువును పిలవండి. మీ జీవనం ఒకచోట, తీర్పు ఇంకొకచోట ఉంటే రెండూ బాగుంటాయి.

నాలుగు: మీకు రానిది రాదని చెప్పండి. కత్తి పట్టుకొని వచ్చినవాడి చేతిలోంచి కత్తి లాక్కోవడం సినిమాలో తేలిక. ఆ సంగతి చెప్పడానికి ధైర్యం కావాలి. నల్ల పట్టీ కట్టుకున్నవారికి ఉండవలసినది ఆ ధైర్యమే.

7. చేరే ముందు మీరు చూడవలసినవి

తప్పంతా నేర్పేవారిదే అనుకుంటే మనం తప్పించుకున్నట్లే. కొనేవాడు ఉంటేనే అమ్మేవాడు ఉంటాడు. 'మా అబ్బాయికి ఎప్పుడు బెల్ట్ ఇస్తారు?' అన్నది తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న అయితే, దానికి తగిన దుకాణమే తెరుచుకుంటుంది. కనుక ప్రశ్న మార్చండి.

• డబ్బు కట్టే ముందు రెండు తరగతులు కూర్చొని చూడనిస్తారా? చూడనివ్వనిచోట చేరవద్దు.
• మాస్టారు ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారు? సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను అడిగి నిజానిజాలు తెలుసుకోవచ్చా?
• కిందటి పరీక్షలో ఎంతమంది ఆగిపోయారు? ఎప్పుడూ ఎవరూ ఆగరంటే అది పరీక్ష కాదు.
• మొత్తం ఖర్చు ఎంత? నెల ఫీజు, దుస్తులు, పరీక్ష, పోటీలు అన్నీ కలిపి రాసి ఇమ్మనండి.
• దెబ్బ తగిలితే ఏం చేస్తారు? ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ ఉంది? తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆ రోజు ఆటనుంచి తప్పిస్తారా?
• పిల్లలతో మాస్టారు ఒంటరిగా, తలుపు మూసి ఉండే ఏర్పాటు ఉందా? ఉంటే వద్దు.
• పాత శిష్యులు ఎలా ఉన్నారు? పెద్దవారితో, బలహీనులతో వారు ఎలా మాట్లాడుతున్నారు? మాస్టారి విద్య అక్కడ కనిపిస్తుంది.

ఫీజు తక్కువని చేరవద్దు, ఎక్కువని గొప్ప అనుకోవద్దు. తక్కువ తీసుకొని తీర్పు అమ్మేవారు ఉన్నారు. ఎక్కువ తీసుకొని నిక్కచ్చిగా ఉండేవారూ ఉన్నారు.

2022 జూన్‌లో హర్యానాలోని పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో కళరిపయట్టు, గట్కా, థాంగ్‌తా, మల్లఖంబ్ వంటి మన దేశపు విద్యలకు చోటు దొరికింది. ఇది సంతోషించవలసిన విషయం. పతకం వస్తే సర్టిఫికెట్‌కు విలువ వస్తుంది. విలువ వచ్చినచోటికి నకిలీ కూడా వస్తుంది. కనుక రాబోయే రోజుల్లో ఈ ప్రశ్నలు అడగవలసిన అవసరం పెరుగుతుందే కాని తగ్గదు.

ముగింపు

చదువు మధ్యలో ఆగి, పని చేసుకుంటూ మళ్లీ పుస్తకం పట్టినవారు మీరు. పరీక్షకు ఎప్పుడు కూర్చోవాలో మీరే తూచుకుంటున్నారు. ఒక సబ్జెక్టు ఈసారి వద్దు, వచ్చేసారి రాస్తాను అని మీరు అనుకున్న రోజులు ఉండవచ్చు. అది ఓటమి కాదని మీకు తెలుసు. రాని పాఠానికి మార్కులు వేయించుకుంటే ఉద్యోగంలో ఏదో ఒకరోజు బయటపడుతుందనీ తెలుసు.

యుద్ధవిద్యలోనూ అంతే. మీ పిల్లను మాస్టారు పరీక్షలో ఆపి, 'ఇంకా ఆరు నెలలు సాధన చేయాలి' అన్నారనుకోండి. ఆయన తన నెల ఆదాయంలో కొంత పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఆ మాట అన్నారు. పిల్లను మాన్పించవద్దు. వచ్చే నెల ఫీజు సకాలంలో కట్టండి.

పాఠాంత ప్రశ్నలు

1. ద్రోణుడు ఏకలవ్యుడి దగ్గర డబ్బు తీసుకోకపోయినా తీర్పు అమ్ముకున్నాడని రచయిత ఎందుకు అంటున్నారు? మీరు ఒప్పుకుంటారా?
2. కానో స్థాయిలను ఏ ఉద్దేశంతో ఏర్పరిచాడు? ఇవాళ కొన్నిచోట్ల వాటిని ఏ ఉద్దేశంతో వాడుతున్నారు?
3. నెల ఫీజుకూ పరీక్ష ఫీజుకూ మధ్య రచయిత చూపిన తేడా ఏమిటి?
4. ట్యూషను, టైపు, కుట్టు, డ్రైవింగు – వీటిలో ఒక దాన్ని తీసుకొని, 'రుసుము తీసుకోవడం, తీర్పు అమ్ముకోవడం' అనే విషయం మీద ఒక పేజీకి మించకుండా మీ అభిప్రాయం రాయండి. ఎదుటి పక్షం మాట ఒకటైనా చెప్పి, దానికి జవాబు ఇవ్వండి.